మైదానం గేటు దగ్గరే ఆగిపోతున్న పిల్లల గురించి విశాఖ ఫుట్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ఫుట్‌బాల్ శిక్షణ శిబిరాలు, ఎంపిక పోటీలు నిర్వహించే పెద్దలకు, నగరంలోని మైదానాలు ఎవరి అధీనంలో ఉన్నాయో ఆ సంస్థల అధికారులకు,

నమస్కారం.

నేను మున్సిపల్ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఉండేది కంచరపాలెం బర్మా క్యాంపులో. గత మే నెలలో ఒక ఆదివారం ఉదయం, నగరంలో ఒక అకాడమీ వారు జరిపిన పన్నెండేళ్ల లోపు పిల్లల ఎంపికకు నాకు తెలిసిన ఒక అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లాను. వాడి తల్లిదండ్రులు ఊళ్లో గొడవలకు భయపడి ఒడిశా సరిహద్దు దాటి వచ్చి, మధురవాడ వైపు కడుతున్న అపార్ట్‌మెంట్లలో కూలి పని చేసుకుంటూ, పని జరిగే చోటే రేకుల షెడ్డులో ఉంటున్నారు. అబ్బాయి రెండేళ్లుగా అక్కడి బడిలోనే చదువుతున్నాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు, ఎడమ కాలితో ఆడతాడు.

షామియానా కింద టేబుల్ దగ్గర కూర్చున్న ఆయన మర్యాదగానే మాట్లాడారు. పదిహేను వందల రుసుము, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, రెండు ఫొటోలు కావాలన్నారు. రుసుము నేను కడతానన్నాను. జనన ధ్రువీకరణ పత్రం లేదన్నాను. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉండటం చూసి ఆయన చిన్నగా నవ్వి, "మాస్టారూ, కాగితాలు లేనివాళ్లంతా జనవరి ఒకటినే పుడతారా?" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వయసు తగ్గించి ఆడించేవాళ్లను ఆయన చాలామందినే చూసి ఉంటారు. నన్ను బాధపెట్టింది ఆ తరువాత జరిగినది. అబ్బాయి బంతి తాకకుండానే తిరుగుముఖం పట్టాల్సి వచ్చింది. నేను ఇంకొకరితో మాట్లాడి చూద్దామని లోపలికి వెళ్లి వచ్చే అరగంటా వాడు గేటు బయటే నిలబడి, కంచె దాటి రోడ్డు మీదికి వచ్చిన బంతినల్లా అరికాలితో ఆపి, ఎడమ కాలితో లేపి, లోపల గోల్‌కీపర్ చేతుల్లోకి పంపిస్తూ ఉన్నాడు. నాలుగోసారో ఐదోసారో ఆ గోల్‌కీపర్ కుర్రవాడు నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు. ఎంపిక చేసేవారి వీపు మాత్రం గేటు వైపే ఉంది.

ఆ రోజు ఇంటికి వస్తూ బస్సులో నేను కెనడా ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫోన్సో డేవీస్ గురించి ఆలోచించాను. ఆ పేరు మీలో చాలామందికి తెలుసు, మీ అకాడమీల గోడల మీద అతని ఫొటోలు కూడా చూశాను. అయితే అతని కథలో మనం ఎప్పుడూ చెప్పుకొనేది చివరి సగమే. 2018లో పదిహేడేళ్ల కుర్రవాడి కోసం జర్మనీ క్లబ్బు బాయర్న్ మ్యూనిక్ చెల్లించడానికి ఒప్పుకొన్న మొత్తం అప్పటికి అమెరికా, కెనడాల లీగ్ అయిన ఎంఎల్‌ఎస్ చరిత్రలోనే అత్యధికం. 2020 ఆగస్టులో లిస్బన్‌లో బార్సిలోనాను 8–2తో ఓడించిన మ్యాచ్‌లో ఎడమ అంచున బార్సిలోనా రక్షకుడు సెమెడోను దాటేసి, గోల్ గీత వెంబడి దూసుకువచ్చి, సహచరుడు కిమిష్‌కు అందించిన ఆ బంతిని నేను కూడా పదిసార్లైనా తిప్పి తిప్పి చూసి ఉంటాను. అంతకు రెండు నెలల ముందు జర్మనీ లీగ్ అయిన బుండెస్‌లీగా మ్యాచ్ ఒకదానిలో గంటకు 36.51 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి ఆ లీగ్‌లో అప్పటి రికార్డు నెలకొల్పాడు. ఇవన్నీ గొప్ప సంగతులే. కానీ ఈ లేఖకు పనికొచ్చేది మొదటి సగం.

లైబీరియాలో రెండో అంతర్యుద్ధం నుంచి పారిపోయిన దంపతులకు 2000 నవంబరు 2న ఘనాలోని బుడుబురం శరణార్థి శిబిరంలో అతను పుట్టాడు. ఐదేళ్ల వయసులో కుటుంబానికి కెనడాలో ఆశ్రయం దొరికింది, కొంతకాలానికి ఎడ్మంటన్ నగరంలో స్థిరపడ్డారు. అమ్మానాన్నలు పనులకు పోతే చెల్లినీ తమ్ముణ్ణీ చూసుకొనేది ఇతనే. అలాంటి ఇంట్లో ఆట రుసుము, బూట్లు, మైదానానికి పోయి వచ్చే దారి ఖర్చు అనేవి అడగడానికే నోరు రాని మాటలు. ఎడ్మంటన్‌లో టిమ్ ఆడమ్స్ అనే ఆయన 'ఫ్రీ ఫుటీ' అని ఒక ఏర్పాటు చేసి ఉన్నారు. స్తోమత లేని పిల్లలకు బడి వదలగానే ఆట, రుసుము లేదు, ఆటసామగ్రి వారిదే, తీసుకువెళ్లి తీసుకువచ్చే వాహనం కూడా వారిదే. డేవీస్‌లోని ప్రతిభను గుర్తించి అక్కడికి దారి చూపించింది అతని బడి టీచరు. అక్కడి నుంచి ఎడ్మంటన్ స్ట్రైకర్స్ అనే స్థానిక క్లబ్బు, పద్నాలుగేళ్లకు వాంకూవర్ వైట్‌క్యాప్స్ అకాడమీ, పదిహేనేళ్లకు 2016 జులైలో ఎంఎల్‌ఎస్‌లో మొదటి మ్యాచ్. కెనడా పౌరసత్వం 2017 జూన్ 6న వచ్చింది. వారం తిరిగేసరికి, అదే నెల 13న, కెనడా జాతీయ జట్టులో ఆడాడు.

ఆ వరుసలో ఎక్కడైనా ఒక మెట్టు తీసేసి చూడండి. వైట్‌క్యాప్స్ వారు చూడకపోతే మరో క్లబ్బు చూసి ఉండవచ్చు, బాయర్న్ కొనకపోతే యూరప్‌లో మరొకరు కొని ఉండవచ్చు. ఆ బడి టీచరు, ఆ ఉచిత వాహనం లేకపోతే మాత్రం మిగిలిన మెట్లు అతని కంటికి ఆనేవే కావు. లక్షణంగా ఆడే పిల్లవాడు పైమెట్టు మీద దారి తప్పడం అరుదు, మొదటి మెట్టు దగ్గర ఆగిపోవడమే మామూలు. ముప్ఫై ఏళ్లకు పైగా మైదానాల్లో ఈల ఊదిన వాడిగా ఇది నా అనుభవం.

ఇక్కడే డబ్బు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మన చర్చల్లో ఇది రాదు. ఒక ఆటగాడు ఒప్పందం నడుస్తుండగా ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు మారినప్పుడు, చెల్లించిన మొత్తంలో 5 శాతాన్ని పన్నెండో ఏటి నుంచి ఇరవై మూడో ఏటి వరకు అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధన ఉంది. మంచి నిబంధనే. అయితే ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో ఆ పిల్లవాణ్ణి గేటు దాటించిన వారికి, క్లబ్బు కాని బడికి, బస్సు ఖర్చు పెట్టుకొన్న దాతకు ఆ లెక్కలో చోటు లేదు. అంటే మొదటి మెట్టు కట్టినవాడికి మార్కెట్ ఎప్పటికీ పైసా తిరిగి ఇవ్వదు. ప్రైవేటు అకాడమీలు ఆ వయసు పిల్లల దగ్గర రుసుము వసూలు చేయడంలో వింత లేదు, వారికి వేరే రాబడి లేదు. అందుకే ఆ మెట్టు ఖర్చు మైదానాలున్న ప్రభుత్వ సంస్థలు, పోర్టు, రైల్వే, ఉక్కు కర్మాగారం వంటి పెద్ద సంస్థలు, నగరపాలక సంస్థ భరించాలని అడుగుతున్నాను. ప్రైవేటు అకాడమీలను నిందించడం నా ఉద్దేశం కాదు.

శరణార్థి అనే మాటకు మన తెలుగులో ఇంకో మాట ఉంది, కాందిశీకుడు. 'కాం దిశం', ఏ దిక్కుకు పోవాలి అని అడిగేవాడు అని పండితులు దానికి అర్థం చెబుతారు. ఈ ఊళ్లో ఆ మాట పుస్తకాల్లోది కాదు. మా ఇల్లు ఉన్న చోటికి బర్మా క్యాంపు అనే పేరు ఎందుకు వచ్చిందో కొత్త తరానికి తెలియకపోవచ్చు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసి, 1964 మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు రద్దు చేశాక, తరాలుగా అక్కడ బతికిన మన వాళ్లు వేల సంఖ్యలో ఓడలెక్కి వచ్చేశారు. కోరంగి రేవు నుంచి పోయిన వాళ్లు కనుక బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలనేవారు. అక్కడ కోరంగీలు, ఇక్కడికి వచ్చాక బర్మావాళ్లు. మా అమ్మ చివరి వరకు ఈ మాట చెప్పి నవ్వేది.

మా అన్నయ్య రంగూన్‌లో పుట్టాడు. వాడికి జనన ధ్రువీకరణ పత్రం లేదు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు వాణ్ణి కిందికీ పైకీ చూసి, పళ్లు చూసి, రిజిస్టరులో జులై 1 అని ఒక తేదీ రాశారు. ఆ రోజుల్లో మా క్యాంపు పిల్లల్లో సగం మంది జులై ఒకటినే పుట్టారు. ఆ ఒక్క గీతతోనే అన్నయ్య బడి జట్టులో ఆడాడు, జిల్లా జట్టులో ఆడాడు, ఆటగాళ్ల కోటాలో రైల్వేలో ఉద్యోగం సంపాదించాడు, ఆ ఉద్యోగంతో నన్నూ మా చెల్లెళ్లనూ చదివించాడు. ఈనాటి టేబుల్ దగ్గర నిలబెడితే అన్నయ్యను కూడా మోసగాడనే అనుకొని ఉండేవారేమో. నిజానికి ఆ తేదీ ఒక ఏడాది అటో ఇటో తప్పే అయి ఉంటుంది. ఆ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు.

వయసు మోసం మన క్రీడల్లో ఉన్న పెద్ద రోగమని నేను ఒప్పుకొంటాను. పద్నాలుగేళ్ల వాళ్ల పోటీలో మీసాలున్న కుర్రవాడు మా పిల్లవాణ్ణి భుజంతో తోసి పడేసినప్పుడు టచ్‌లైన్ దగ్గర నిలబడి అరిచినవాణ్ణి నేను. కానీ ఆ రోగానికి మందు వేయవలసిన చోటు వేరు. ఎంపికైన పిల్లవాణ్ణి పోటీలకు రిజిస్టరు చేసేటప్పుడు కాగితాలు అడగండి, అనుమానముంటే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేసే పద్ధతి ఉండనే ఉంది. ఆదివారం ఉదయం గంటసేపు బంతి తన్ని చూపించడానికి ఎక్స్‌రే ఎందుకు, జనన ధ్రువీకరణ పత్రం ఎందుకు? బడి ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసిన చీటీ ఒకటి చాలదా? ఆడనివ్వడం వేరు, ఎంపిక చేయడం వేరు, రిజిస్టరు చేయడం వేరు. మనం ఈ మూడింటినీ ఒక్క టేబుల్ మీద పెట్టేశాం.

ఫిఫా కూడా ఈ తేడాను తెలుసుకోవలసి వచ్చింది. పిల్లల అక్రమ రవాణాను ఆపడానికి పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాళ్ల అంతర్జాతీయ బదిలీలను అది నిషేధించింది. డేవీస్ కూడా 2018లోనే ఒప్పందం కుదిరినా పద్దెనిమిదేళ్లు నిండాకే, 2019 జనవరిలో మ్యూనిక్‌లో చేరాడు. ఆ నిషేధం యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లలకు కూడా అడ్డం పడుతుండటంతో, ప్రాణభయంతో దేశం విడిచిన పిల్లలకు నిబంధనల్లో మినహాయింపు రాశారు. నిబంధన అవసరమే, కానీ అది ఎవరిని ఆపడానికి పుట్టిందో వారిని వదిలేసి మరొకరిని ఆపుతుంటే దాన్ని సవరించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

2022 నవంబరు 27న ఖతార్‌లో కెనడా, క్రొయేషియా ఆడిన ప్రపంచ కప్ మ్యాచ్ మీలో ఎందరు చూశారో తెలియదు. రెండో నిమిషంలోనే డేవీస్ తలతో గోల్ కొట్టాడు. కెనడా పురుషుల జట్టు ప్రపంచ కప్‌లలో కొట్టిన మొట్టమొదటి గోల్ అది. తరువాత క్రొయేషియా నాలుగు కొట్టి గెలిచిందనుకోండి. నేను చూసింది వేరే. ఎదుటి జట్టు కెప్టెన్ లూకా మోద్రిచ్. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పటి యుద్ధంలో, 1991లో అతని తాతను సెర్బు సాయుధులు చంపితే, కుటుంబం ఊరు వదిలి క్రొయేషియాలోని జాదర్ పట్టణంలో శరణార్థులకు ఇచ్చిన ఒక హోటల్లో ఏళ్ల తరబడి బతికింది, అతను బంతి తన్నడం నేర్చుకొన్న చోట్లలో ఆ హోటల్ కార్లు నిలిపే స్థలం కూడా ఒకటి. బక్కగా ఉన్నాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్బు వద్దన్న ఆ పిల్లవాడే 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అందుకొన్నాడు. ఇక కెనడా గోల్‌కీపర్ మిలాన్ బోర్యాన్ క్రొయేషియాలోని క్నిన్ పట్టణంలో పుట్టిన సెర్బు. 1995లో క్రొయేషియా సైన్యం ఆ పట్టణాన్ని తిరిగి పట్టుకొన్నప్పుడు సెర్బులు ట్రాక్టర్ల మీద సామాన్లు వేసుకొని పారిపోయారు, అతని కుటుంబం కూడా వెళ్లిపోయింది. ఆ రోజు గ్యాలరీలో కొందరు క్రొయేషియా అభిమానులు ఆ ట్రాక్టర్లను గుర్తుచేసి అతన్ని ఎగతాళి చేశారు, దానికి ఫిఫా క్రొయేషియా సమాఖ్యకు జరిమానా వేసింది. ఒకే యుద్ధంలో ఇటు పారిపోయిన పిల్లవాడొకడు, అటు పారిపోయిన పిల్లవాడొకడు, మరో ఖండంలో ఇంకో యుద్ధానికి పుట్టిన పిల్లవాడొకడు, ముగ్గురూ ఆ తొంభై నిమిషాలు ఒకే పచ్చిక మీద ఉన్నారు. ఆ ముగ్గురినీ చిన్నప్పుడు ఎవరో ఒకరు గేటు లోపలికి రానిచ్చారు కదా అని నాకు అనిపించింది.

ఆడపిల్లల విషయం ఎక్కువ చెప్పలేను, నేను మగపిల్లల బడుల్లోనే ఎక్కువ పనిచేశాను. కానీ తండ్రిని తాలిబన్లు చంపాక తల్లితో, అక్కాచెల్లెళ్లతో అఫ్ఘానిస్తాన్ విడిచిన నాదియా నదీమ్ డెన్మార్క్ శరణార్థి శిబిరం పక్కన ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి ఆటలోకి వచ్చిందని, డెన్మార్క్ జట్టుకు ఆడుతూనే చదువుకొని డాక్టరైందని తెలిసినప్పటి నుంచి, మన మైదానాలకు కంచె పక్కన నిలబడి చూసే ఆడపిల్లలు ఎందరో లెక్కపెడుతూ ఉంటాను.

ఇదంతా కెనడా, డెన్మార్క్ వంటి సంపన్న దేశాల ముచ్చట అని మీరు అనవచ్చు. మన తెలుగు నేల మీద కూడా ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ వారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ శివార్లలో పేద ఇంట పుట్టారు. శిక్షణకు రావడానికి దారి ఖర్చులు లేవని బలరాం అంటే రహీమ్ సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని పాత తరం ఆటగాళ్లు చెప్పుకొనేవారు. ఆ సైకిలే ఎడ్మంటన్‌లో వాహనం. మధురవాడ నుంచి, పెదగంట్యాడ నుంచి, జాలరిపేట నుంచి వచ్చే పిల్లలకు మన దగ్గర అది ఏదో నాకు కనిపించడం లేదు. విద్యార్థి బస్ పాస్ ఇంటికీ బడికీ మధ్యే చెల్లుతుంది, మైదానం ఆ దారిలో ఉండదు. ఆటకు వచ్చిన పిల్లవాడికి రానుపోను టిక్కెట్లకే, ఆ ఇంట్లో ఒక పూట కూర ఖర్చు పోతుంది.

కాబట్టి నేను కోరేది చాలా కొద్ది. పన్నెండేళ్ల లోపు వారి ఎంపికలకు ప్రభుత్వ బడి చీటీతో వచ్చే పిల్లల దగ్గర రుసుము తీసుకోకండి, కాగితాలు తరువాత చూసుకోండి. మైదానాలున్న సంస్థలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు వారానికి మూడు రోజులైనా ఒక మూలను ఈ పిల్లలకు వదలండి. నడకకు వచ్చే పెద్దలకు గేట్లు తెరిచే ఉంటున్నాయి కదా. ఆర్టీసీ అధికారులతో మాట్లాడి మైదానం వరకు పాస్ చెల్లేలా చేయగలిగితే సంతోషం. అది కుదిరేలోగా నగరం అంచున ఉన్న బడుల్లోనే ఎంపికలు పెట్టండి, మీ శిక్షకులే అక్కడికి రావచ్చు. బూట్ల సంగతి నేను చూస్తాను. పిల్లల కాళ్లు ఆరు నెలలకొకసారి పెరుగుతాయి, చాలామంది ఇళ్లలో పొట్టైపోయిన స్టడ్స్ అటక మీద ఉంటాయి. మా వీధిలో అడిగితేనే పదకొండు జతలు వచ్చాయి.

ఇంకొక మాట. వీరిలో ఒక డేవీస్ దొరుకుతాడన్న ఆశతో నేను ఈ లేఖ రాయడం లేదు, మీరూ ఆ ఆశతో గేటు తీయవద్దు. బుడుబురం శిబిరంలో ఒక దశలో నలభై వేల మంది దాకా ఉండేవారు, ఆటతో ప్రపంచానికి తెలిసింది ఒక్కడు. మిగిలిన పిల్లలు కూడా ఆడుకోవలసిన వాళ్లే. అన్నయ్య బాయర్న్‌కు ఆడలేదు, రైల్వేలో ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశాడు. అతనికీ ఆదివారం సాయంత్రాలు ఉండేవి, ఓడిన రోజు మాతో మాట్లాడేవాడు కాదు, గెలిచిన రోజు పూర్ణా మార్కెట్ నుంచి జీళ్లు తెచ్చేవాడు.

ఆ అబ్బాయి ఇప్పటికీ మధురవాడలోనే ఉన్నాడు. ఆ అపార్ట్‌మెంట్ పని ఈ సంక్రాంతికి అయిపోతుందని, తరువాత ఎటు పోవాలో తెలియదని వాడి తండ్రి చెప్పాడు. అంతలోపు మీరు జరిపే ఎంపిక ఏదైనా ఉంటే తేదీ, స్థలం వాడి బడికి తెలియజేయండి. వాడి పాదం కొలత నాలుగు. ఆ కొలతకు సరిపడే జత ఒకటి తుడిచి, కొత్త లేసులు వేసి మా గుమ్మం దగ్గర పెట్టాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బర్మా క్యాంపు, కంచరపాలెం,
విశాఖపట్నం